‘పాలు పడటం లేదు’: ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు సమస్యలు

క్లుప్తంగా: పసిబిడ్డ పాలు కక్కడానికి అన్నవాహిక కండరం సడలడం ఒక కారణం, ఆవుపాల ప్రొటీన్‌కు అలర్జీ ఇంకో కారణం. లాక్టోజ్ అరగకపోవడం మూడో సంగతి, దాని లక్షణాలే వేరు. అంగట్లో ఉన్న ఒక్కో డబ్బా వీటిలో ఒక్కోదాని కోసం తయారైంది కాబట్టి ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. పాలు మార్చాక బిడ్డ కుదుటపడినంత మాత్రాన అలర్జీ అని తేలినట్టు కాదు. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత డాక్టర్ సలహాతో పాత పాలు మళ్లీ పట్టి చూస్తేనే తేలుతుంది. ఎక్కువగా వదిలేసేది ఆ చివరి పనినే.

పాలు తాగి పావుగంట అవుతుంది. భుజాన వేసుకుని తేన్పు తీయిస్తుంటే బిడ్డ ఒక్కసారిగా వెనక్కి విల్లులా వంగి, తాగినదాంట్లో సగం కక్కేస్తుంది. భుజం మీది గుడ్డ తడిసిపోతుంది. కాసేపు ఏడ్చి, మళ్లీ ఆకలంటుంది. రోజుకు నాలుగైదు సార్లు ఇదే జరిగితే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ‘ఈ పాలు పడటం లేదు, మార్చి చూడండి’ అని ఎవరో ఒకరు అంటారు. మారుద్దామని మందుల షాపుకి వెళ్తే అరలో ఆరేడు రకాలు కనిపిస్తాయి. ఒకదాని మీద ‘ఏఆర్’, ఒకదాని మీద ‘హెచ్ఏ’, ఇంకోదాని మీద ‘కంఫర్ట్’, పక్కన ‘లాక్టోజ్ ఫ్రీ’, ఆ పక్కన సోయా. అన్నీ పసిపిల్లలకే, అన్నీ ‘పాలు పడని’ పిల్లలకే అన్నట్టు ఉంటాయి. ఏది ఎవరికి అన్నది డబ్బా ముందు వైపు చూస్తే అర్థం కాదు. బిడ్డ సమస్య ఏమిటో తెలిస్తేనే డబ్బా వెనుక రాసి ఉన్నది పనికొస్తుంది.

కక్కడం ఎందుకు జరుగుతుంది

అన్నవాహిక పొట్టలో కలిసే చోట ఒక కండరపు వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని తర్వాత మూసుకోవడం దాని పని. పసిపిల్లల్లో అది మింగకపోయినా మధ్యమధ్యలో కొన్ని క్షణాలు సడలుతుంది. ఆ సమయానికి పొట్ట నిండా పాలే ఉంటాయి, బిడ్డ వెల్లకిలా పడుకుని ఉంటుంది, అన్నవాహిక పొడవు కూడా చాలా తక్కువ. దాంతో పాలు సులువుగా పైకి వచ్చేస్తాయి. దీన్నే రిఫ్లక్స్ అంటారు.

తాగే పరిమాణం కూడా తక్కువేమీ కాదు. డబ్బా పాల మీద ఉన్న బిడ్డకు తొలి నెలల్లో రోజుకు కిలో బరువుకి 150 మిల్లీలీటర్ల చొప్పున పాలు పడతారు. అదే లెక్కన 60 కిలోల మనిషి తాగాలంటే రోజుకు 9 లీటర్లు తాగాలి. అంత తాగి పడుకుంటే ఎవరికైనా పైకి వస్తుంది.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే ‘నైస్’ సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం కనీసం 40 శాతం పసిపిల్లలు పాలు కక్కుతారు. సాధారణంగా ఇది 8 వారాల వయసులోపే మొదలవుతుంది. వీరిలో 5 శాతం మంది రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ కూడా కక్కుతారు. ఏడాది నిండేలోపు 90 శాతం మందికి దానంతటదే పోతుంది. కక్కినా బరువు బాగా పెరుగుతూ, నవ్వుతూ ఆడుకునే బిడ్డను పిల్లల డాక్టర్లు ‘హ్యాపీ స్పిటర్’ అంటారు. ఆ ఇంట్లో ఇబ్బంది పడేది బట్టలు ఉతికేవారే.

పాలు పట్టబోతే మొహం తిప్పేసుకోవడం, బరువు పెరగకపోవడం, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ దగ్గు రావడం లాంటివి కనిపిస్తే అది మామూలు కక్కడం కాదు, చికిత్స అవసరమైన జబ్బు. ఇక పాలు మార్చి చూద్దామని ఒక్కరోజు కూడా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఆకుపచ్చ పసరు వాంతి పేగు మెలిపడటానికి గుర్తు కావచ్చు. రెండు నుంచి ఎనిమిది వారాల వయసులో వాంతి దూరంగా చిమ్మినట్టు పడుతూ, వెంటనే బిడ్డ మళ్లీ ఆకలితో ఏడుస్తుంటే, పొట్ట కింది ద్వారం దళసరెక్కి మూసుకుపోతోందేమో చూడాలి. వాంతిలో రక్తం, పొట్ట ఉబ్బరం, మాడు ఉబ్బడం, జ్వరం, బిడ్డ మత్తుగా పడి ఉండటం కూడా ఈ కోవలోవే. ఆరు నెలలు దాటాక కొత్తగా కక్కడం మొదలైనా, ఏడాది దాటినా తగ్గకపోయినా కారణం వేరే చోట వెతకాలి.

డబ్బా కంటే ముందు మోతాదు

పాలు మార్చే ముందు చూడాల్సిన సంగతి ఒకటుంది. ఎంత పడుతున్నారు?

5 కిలోల బిడ్డ ఉందనుకుందాం. కిలోకు 150 చొప్పున రోజుకు 750 మిల్లీలీటర్లు సరిపోతాయి. ఏడ్చినప్పుడల్లా ఆకలే అనుకుని 180 మిల్లీలీటర్ల సీసా రోజుకు ఆరుసార్లు పడితే 1,080 మిల్లీలీటర్లు అవుతుంది. అంటే కిలోకు 216. పొట్ట పట్టనంత పోస్తే మిగిలింది పైకి వస్తుంది, అది ఏ పాలయినా ఒకటే. అదే 750ని ఎనిమిది విడతలుగా చేస్తే ఒక్కోసారికి దాదాపు 95 మిల్లీలీటర్లే పడుతుంది. నైస్ చెప్పే వరుసలో కూడా మొదటి మెట్టు ఇదే. పాలు పట్టే తీరు గమనించడం, ఎక్కువగా పడుతుంటే తగ్గించడం, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టడం. చిక్కటి పాలు ఆ తర్వాతి మాట.

స్కూపు లెక్క కూడా చూడాలి. డబ్బాలో ఇచ్చిన స్కూపును కత్తితో చదును చేసినట్టు సమానంగా నింపాలి. కుదించి నింపితే పాలు చిక్కబడి అరగడం కష్టమవుతుంది. డబ్బా త్వరగా అయిపోతోందని నీళ్లు ఎక్కువ కలిపితే బిడ్డ బరువు పెరగదు, ఒంట్లో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు కూడా. ఒక కంపెనీ స్కూపు ఇంకో కంపెనీ డబ్బాకి వాడితే లెక్క తప్పుతుంది. ఇవి చిన్న విషయాలే, కానీ ఇవి సరిచేశాక పాలు మార్చే అవసరమే రాని ఇళ్లు ఉంటాయి.

అలర్జీ వేరు, లాక్టోజ్ వేరు

ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. పాలలో ప్రొటీన్ ఉంటుంది, లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అలర్జీ ప్రొటీన్‌కు వస్తుంది, అంటే రోగనిరోధక వ్యవస్థ ఆ ప్రొటీన్‌ను శత్రువుగా భావించి తిరగబడుతుంది. లాక్టోజ్ విషయంలో జరిగేది అరుగుదల లోపం. పేగు గోడలో ఉండే లాక్టేజ్ అనే ఎంజైమ్ చాలకపోతే ఆ చక్కెర అరగక పెద్దపేగులోకి చేరి పులుస్తుంది. గ్యాస్, నురుగుతో కూడిన నీళ్ల విరేచనాలు, వాటి పులుపుకి ఒరుసుకుపోయిన పిరుదులు దాని గుర్తులు. కక్కడం వీటిలో ముఖ్యమైనది కాదు.

పసిపిల్లల్లో లాక్టోజ్ సమస్య అనుకున్నంత ఎక్కువగా ఉండదు. తల్లిపాలలో లాక్టోజ్ 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములు. ఆవుపాలలో ఐదు గ్రాముల లోపే. మనిషి బిడ్డ పుట్టడమే ఆ చక్కెరను అరిగించుకునే శక్తితో పుడుతుంది. పుట్టుకతోనే లాక్టేజ్ లేని పిల్లలు ప్రపంచంలో అతి తక్కువ, నమోదైన కేసుల్లో ఎక్కువ భాగం ఫిన్లాండ్‌వి. పెద్దయ్యాక చాలామందికి పాలు తాగితే పొట్ట ఉబ్బరించే మాట నిజమే, అయితే ఆ ఎంజైమ్ తగ్గడం మొదలయ్యేది పాలు మానే వయసు దాటాక. ‘నాన్నకీ పాలు పడవు, అందుకే బిడ్డకీ పడటం లేదు’ అనే తర్కం అందుకే కుదరదు. పసితనంలో కనిపించేది ఎక్కువగా తాత్కాలిక లోపం. గట్టిగా విరేచనాలు పట్టుకున్నప్పుడు పేగు లోపలి పొర దెబ్బతిని లాక్టేజ్ తగ్గుతుంది, పొర మానాక కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది.

ప్రొటీన్ అలర్జీలో రెండు రకాలున్నాయి. మొదటిది వెంటనే బయటపడుతుంది. పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో, ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు, వాంతి, పిల్లికూతలు, ఒక్కోసారి ప్రాణాపాయం. ఐజీఈ అనే యాంటీబాడీ దీనికి మూలం కాబట్టి రక్తపరీక్షలో, చర్మపరీక్షలో దాని ఆనవాలు దొరుకుతుంది. రెండోది నెమ్మదిగా వస్తుంది. గంటల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజుల తర్వాత మలంలో జిగురు, రక్తపు చారలు, విరేచనాలు, తగ్గని కక్కుడు, చర్మం మీద ఎగ్జిమా కనిపిస్తాయి. ఈ రెండో రకాన్ని పట్టే రక్తపరీక్ష గానీ చర్మపరీక్ష గానీ లేదు. రక్తపరీక్షలో ఏమీ రాలేదంటే అలర్జీ లేదని అర్థం కాదు. రెండో రకంలోనే ఒక తీవ్రమైన రూపం కూడా ఉంది. పాలు తాగిన ఒకటి నుంచి నాలుగు గంటల్లో ఆగకుండా వాంతులై బిడ్డ పాలిపోయి వాలిపోతుంది. దానికి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎంతమందికి వస్తుంది? యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో పుట్టినప్పటి నుంచి పిల్లలను గమనించిన యూరోప్రివాల్ అధ్యయనంలో, డాక్టర్ల సమక్షంలో పాలు పట్టి నిర్ధారించినవి రెండేళ్ల వయసులోపు 0.54 శాతం మాత్రమే. 40 శాతం మంది కక్కుతారు, ఈ అధ్యయనంలో అలర్జీ అని తేలింది ఒక శాతం లోపు మందికే. ఈ రెండు అంకెల మధ్య దూరం గుర్తుంటే తర్వాతి విషయాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

రెండూ కలిసే చోటు

అయితే కొందరు పిల్లల్లో అలర్జీ వల్లే రిఫ్లక్స్ వస్తుంది. పాల ప్రొటీన్ పొట్టలో, పేగులో వాపును రేపితే పొట్ట కదలికల లయ తప్పుతుంది, ఖాళీ అవడం ఆలస్యమవుతుంది, నిండి ఉన్న పొట్ట నుంచి పాలు పైకి వస్తాయి. 1996లో ఇటలీ పరిశోధకులు రిఫ్లక్స్ ఉన్న 204 మంది శిశువులను పరీక్షిస్తే 85 మందికి ఆవుపాల అలర్జీ కూడా ఉందని తేలింది. ఆ పిల్లలు సమస్య ముదిరి ఆసుపత్రికి వచ్చినవారు. ఇంట్లో హాయిగా కక్కుతూ పెరుగుతున్న బిడ్డకు ఆ లెక్క అంటించకూడదు.

కక్కడంతో పాటు ఇంకేం ఉందన్నదే అసలు ఆధారం. ఎగ్జిమా, మలంలో రక్తపు చారలు, ఇంట్లో అలర్జీల చరిత్ర, మామూలు జాగ్రత్తలకు లొంగని ఇబ్బంది కలిసి ఉంటే అలర్జీ అనుమానం బలపడుతుంది. ఒక్క కక్కడమే ఉండి మిగతావేవీ లేకపోతే బలహీనపడుతుంది. ఏడుపు ఒక్కటే ఆధారమైతే ఇంకా బలహీనం. పసిపిల్లల ఏడుపు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తారస్థాయికి చేరి మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. తారస్థాయిలో ఉండగా పాలు మార్చితే, మార్చినా మార్చకపోయినా తగ్గేదే తగ్గుతుంది. పేరు మాత్రం కొత్త డబ్బాకి వస్తుంది.

ఏ డబ్బాలో ఏముంది

ఏఆర్ అని రాసి ఉన్నవి చిక్కటి పాలు. మామూలు ఫార్ములాలో, అంటే డబ్బా పాలలో, బియ్యం, మొక్కజొన్న లేదా బంగాళదుంప పిండి పదార్థం గానీ, కారబ్ గింజల జిగురు గానీ కలుపుతారు. చిక్కగా ఉండటం వల్ల పైకి రావడం తగ్గుతుంది, కంటికి కనిపించే కక్కడం నిజంగానే తగ్గుతుంది. కానీ ఈ డబ్బాల్లో ఎక్కువ వాటిలో ఉన్నది మార్పులేని ఆవుపాల ప్రొటీనే. అలర్జీ ఉన్న బిడ్డకు ఏఆర్ పాలు పట్టడమంటే పడనిదాన్నే చిక్కగా చేసి పట్టడం. రిఫ్లక్స్, అలర్జీ రెండూ ఉన్న పిల్లల ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇది. రెండూ ఉంటే ప్రొటీన్‌ను విడగొట్టిన పాలే ఆధారం, చిక్కదనం కావాలంటే దానికి జోడించాలి. ముందే చిక్కగా చేసిన అలాంటి పాలు కూడా కొన్ని ఉన్నాయి. ఇంట్లో చిక్కబరిచే పొడులు కలిపేటప్పుడు, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, డాక్టర్‌ను అడగకుండా ఏదీ కలపకూడదు. జాంథన్ జిగురుతో చేసిన ఒక చిక్కబరిచే పదార్థం వాడిన అలాంటి పిల్లల్లో పేగు కుళ్లే జబ్బు కనిపించడంతో 2011లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది.

లాక్టోజ్ ఫ్రీ డబ్బాలో తీసేసింది చక్కెరనే. ప్రొటీన్ అలాగే ఉంటుంది. అలర్జీ ఉన్న బిడ్డకు ఇది ఏమాత్రం పనికిరాదు. విరేచనాల తర్వాత వచ్చే తాత్కాలిక లోపానికి కొన్నాళ్లు ఉపయోగపడుతుంది, అంతే. అలర్జీ పిల్లల్లో ఎక్కువమందికి లాక్టోజ్ మానాల్సిన పనే లేదు. అది కాల్షియం ఒంటబట్టడానికి, పేగులో మంచి బ్యాక్టీరియా పెరగడానికి సాయపడుతుంది.

కంఫర్ట్, హెచ్ఏ రకాల్లో ప్రొటీన్‌ను కొంత వరకే తుంచుతారు. కంపెనీలు వాడే మాట ‘పాక్షికంగా హైడ్రలైజ్డ్’. ఆ ముక్కలు రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టగలిగేంత పెద్దవే. హెచ్ఏ అంటే ‘హైపో అలర్జెనిక్’ అని చదివి అలర్జీకి మందు అనుకోవడం సహజం, కానీ అలర్జీ ఉన్న బిడ్డకు ఇవి సురక్షితం కావు.

అలర్జీ బిడ్డకు మొదట ఆలోచించాల్సింది పూర్తిగా తుంచిన ప్రొటీన్ పాలు. డబ్బా మీద ‘ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రలైజ్డ్’ అని ఉంటుంది. ఆవుపాలలో అలర్జీకి పేరుపడ్డ బీటా లాక్టోగ్లోబ్యులిన్ అణువు బరువు 18,000 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దాటుతుంది. ఈ పాలలో ముక్కలు ఎక్కువ భాగం 3,000 డాల్టన్లలోపే ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ పోల్చుకోలేనంత చిన్నవి. అలర్జీ ఉన్న పిల్లల్లో కనీసం 90 శాతం మందికి పడుతుందని పరీక్షల్లో చూపించినవాటినే ఈ కోవలో చేర్చాలన్నది అంతర్జాతీయంగా పాటించే కొలమానం. మిగిలిన కొద్దిమందికి, లేదా ఒకసారి ప్రాణాపాయం దాకా వెళ్లిన బిడ్డకు, ఎదుగుదల బాగా కుంటుపడిన బిడ్డకు అమైనో ఆమ్లాల పాలు ఇస్తారు. వాటిలో ప్రొటీన్ ముక్కలే ఉండవు, ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి విడివిడి అమైనో ఆమ్లాలే ఉంటాయి. ‘ఇదే అన్నిటికంటే సురక్షితం కదా, మొదటే ఇచ్చేస్తే పోలా’ అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఎక్కువమందికి అంత అవసరం లేదు.

బియ్యపు ప్రొటీన్‌ను తుంచి చేసిన శిశు ఫార్ములా కొన్ని దేశాల్లో మరో మార్గంగా వాడుకలో ఉంది. ఇది పూర్తి పోషకాలతో తయారైన శిశు ఆహారం. అట్ట పెట్టెల్లో అమ్మే రైస్ డ్రింక్‌కూ దీనికీ పోలికే లేదు. సోయా ఫార్ములా విషయంలో దేశానికో అభిప్రాయం ఉంది. యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం ఎస్పగాన్ ఆరు నెలలలోపు వద్దంటుంది. అందులోని ఫైటో ఈస్ట్రోజన్లు (ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పోలిన మొక్కల పదార్థాలు), ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు కారణం. ఆవుపాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు, నెమ్మదిగా వచ్చే అలర్జీలో ఇది మరింత ఎక్కువ. గెలాక్టోసీమియా అనే అరుదైన పుట్టుజబ్బు ఉన్న బిడ్డకు మాత్రం సోయా మొదటి నుంచే ఇస్తారు.

మేక పాలు, ఏ2 పాలు, గింజల పాలు

‘మేక పాలు తేలిక’ అన్న నమ్మకం చాలా పాతది. అలర్జీ దృష్టితో చూస్తే ఆధారం లేనిది. మేక, గొర్రె, గేదె పాల ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లకు అన్నదమ్ముల్లాంటివి. 1999లో ఇటలీలో ఆవుపాల అలర్జీ ఉన్న 26 మంది పిల్లలకు మేకపాలు పట్టి చూస్తే 24 మందికి పడలేదు. దానికి తోడు మేకపాలలో ఫోలేట్ చాలా తక్కువ. అవే పట్టి పెంచిన పిల్లల్లో రక్తహీనత రావడం వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు.

ఏ2 పాల ప్రచారం కొత్తది. బీటా కేసిన్ అనే ప్రొటీన్ గొలుసులో 67వ స్థానంలో ఉండే ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో తేడా అది. మిగతా ప్రొటీన్లన్నీ ఎప్పటిలాగే ఉంటాయి కాబట్టి అలర్జీ బిడ్డకు అదీ ఆవుపాలే.

బాదం, ఓట్స్, కొబ్బరి, బియ్యం పానీయాలు తెల్లగా ఉంటాయి కాబట్టి పాలనిపిస్తాయి. సోయా పానీయం మినహా వీటిలో ప్రొటీన్ నామమాత్రం. వీటినే ప్రధాన ఆహారంగా పట్టిన పిల్లల్లో క్వాషియోర్కర్ (ప్రొటీన్ లోపం), రికెట్స్ (విటమిన్ డి లోపం), స్కర్వీ (విటమిన్ సి లోపం) వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రైస్ డ్రింక్‌లో ఉండే ఆర్సెనిక్ కారణంగా ఐదేళ్లలోపు పిల్లలకు పాలకు బదులుగా అది ఇవ్వవద్దని బ్రిటన్ చెబుతోంది.

తల్లిపాలు తాగే బిడ్డ సంగతి

తల్లి తిన్న పాల పదార్థాల ప్రొటీన్ అతి స్వల్పంగా చనుబాలలోకి వస్తుంది. ఆ కాస్తకే స్పందించే పిల్లలు కొందరుంటారు. అలాంటప్పుడు తల్లిపాలు మాన్పించి డబ్బాకు మార్చడం సరైన దారి కాదు. తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు పూర్తిగా మాని చూడాలి. పూర్తిగా అంటే గ్లాసులో పాలు, పెరుగే కాదు. బిస్కెట్లు, సూప్ పొడులు, చాక్లెట్ల లేబుళ్ల మీద కేసిన్, వే (పాల విరుగుడు తేట), పాలపొడి అన్న మాటలు వెతకాలి. ఆ రోజుల్లో తల్లికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, 10 మైక్రోగ్రాముల విటమిన్ డి అందేలా చూడాలి. తేడా కనిపించకపోతే మళ్లీ మామూలుగా తినాలి. ఫలితం లేని పథ్యాన్ని నెలల తరబడి సాగదీస్తే తల్లి నీరసించడం తప్ప ఒరిగేదేమీ లేదు. తేడా కనిపించినా ఓ వారం పాటు మళ్లీ పాలు తాగి, బిడ్డకు లక్షణాలు తిరిగి వస్తాయో లేదో చూడాల్సిందే.

తల్లిపాలు చిక్కబరచాలని పిండి పదార్థం కలిపితే నిలవదు. చనుబాలలోనే ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని పలచన చేసేస్తుంది. కారబ్ జిగురు మాత్రం నిలుస్తుంది.

యాసిడ్ మందులు ఎందుకు పనిచేయవు

కక్కే బిడ్డకు యాసిడ్ తగ్గించే సిరప్‌లు రాయడం చాలా దేశాల్లో మామూలైపోయింది. కానీ పైకి వచ్చే పాలు ఆగవు, వాటి పులుపే తగ్గుతుంది. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో 162 మంది శిశువుల్లో సగం మందికి లాన్సొప్రజోల్ అనే యాసిడ్ తగ్గించే మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ 54 శాతం మందికే తగ్గింది, అసలు మందు వాడినవారిలో ఛాతీ ఇన్ఫెక్షన్లు మాత్రం ఎక్కువ కనిపించాయి. ఎస్పగాన్, దాని ఉత్తర అమెరికా జతసంఘం 2018లో కలిసి ఇచ్చిన మార్గదర్శకం యాసిడ్ మందు కంటే ముందు రెండు నుంచి నాలుగు వారాలు ప్రొటీన్ తుంచిన పాలు పట్టి చూడమంటుంది. పడక తల వైపు ఎత్తు పెట్టడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం కూడా యాసిడ్ మందుల్లాగే పనికిరాని చిట్కాలే. బిడ్డను వెల్లకిలా, సమంగా ఉన్న పరుపు మీదే పడుకోబెట్టాలి.

కొత్త పాలు పట్టాక ఏం జరుగుతుంది

పూర్తిగా తుంచిన ప్రొటీన్ చేదుగా ఉంటుంది, వాసన కూడా ఘాటు. మూత తీయగానే ‘పాడైపోయిందేమో’ అనుకునేంత. నాలుగు నెలలలోపు బిడ్డ ఈ రుచిని పెద్దగా పట్టించుకోదు. ఏడెనిమిది నెలల బిడ్డ మాత్రం ఒక్క గుక్కకే నోరు మూసేసుకుంటుంది. అమెరికాలోని మోనెల్ పరిశోధన కేంద్రంలో జూలీ మెనెల్లా బృందం ఈ తేడాను వరుస అధ్యయనాల్లో చూపించింది. పెద్ద పిల్లలకు పాత పాలలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయవచ్చు, వెంటనే బయటపడే అలర్జీ ఉన్నవారికి మాత్రం ఈ పద్ధతి కుదరదు.

మలం ముదురు ఆకుపచ్చగా మారుతుంది. అది ఈ పాల స్వభావమే, కొత్త సమస్య కాదు. వాంతి పసరుగా ఉండటమే ప్రమాదం. రెండు మూడు రోజుల్లో ఫలితం రాలేదని డబ్బా మార్చేయడం మరో తొందరపాటు. పేగు వాపు తగ్గడానికి సమయం పడుతుంది, అందుకే రెండు నుంచి నాలుగు వారాలు. ఆ రోజుల్లో సీసా పీక మార్చడం, గ్రైప్ వాటర్ మొదలుపెట్టడం, సిరప్ ఆపడం అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల తగ్గిందో ఎవరూ చెప్పలేరు. ఒక కాగితం మీద రోజుకు ఎన్నిసార్లు కక్కింది, ఎంత తాగింది, మలం ఎలా ఉంది అని రాసుకుంటే జ్ఞాపకం మీద ఆధారపడే అవసరం ఉండదు.

ఏ పొడి పాలూ పూర్తిగా క్రిమిరహితం కావు. 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడి నీటిలో కలిపి, చల్లార్చి పట్టాలన్నది 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట. క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా గురించే ఈ జాగ్రత్త.

అవసరానికి మించిన నిర్ధారణలు

ఇంగ్లండ్‌లో ఆవుపాల అలర్జీ పిల్లల కోసం రాసే ప్రత్యేక పాల ప్రిస్క్రిప్షన్లు 2006లో 1,05,029 ఉంటే 2016 నాటికి ఏడాదికి ఆరు లక్షలు దాటాయి. పదేళ్లలో అలర్జీ ఆరింతలు అయిందనడానికి ఆధారం లేదని బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2018లో ఎత్తి చూపింది. నెమ్మదిగా వచ్చే అలర్జీ లక్షణాలుగా చెప్పే కక్కడం, ఏడుపు, ఒంటి మీద దద్దు దాదాపు ప్రతి బిడ్డలోనూ ఎప్పుడో ఒకప్పుడు కనిపించేవే కావడం ఒక కారణం. మార్గదర్శకాలు రాసిన నిపుణుల్లో కొందరికి ఫార్ములా కంపెనీలతో ఆర్థిక సంబంధాలు ఉండటం ఇంకో కారణంగా ఆ వ్యాసం పేర్కొంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నిజంగా అలర్జీ ఉన్న బిడ్డకు ఈ డబ్బా తప్ప గత్యంతరం లేదు. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం స్టర్గిస్‌లోని ఒక ఫ్యాక్టరీ మూతపడినప్పుడు అమైనో ఆమ్లాల పాలు కూడా అరల్లోంచి మాయమయ్యాయి. మామూలు ఫార్ములా తాగే పిల్లల తల్లిదండ్రులు ఇంకో కంపెనీ డబ్బా వెతుక్కున్నారు. అలర్జీ పిల్లలవాళ్లకు ఆ వెసులుబాటు చాలా తక్కువ.

మళ్లీ పట్టి చూడటం

పాలు మార్చాక బిడ్డ కుదుటపడింది. అలర్జీ అని తేలిపోయినట్టేనా? కాదు, ఎందుకంటే కుదుటపడటానికి కనీసం మూడు దారులున్నాయి. అలర్జీ ఉండి, కారణమైన ప్రొటీన్ తీసేయడం వల్ల తగ్గి ఉండవచ్చు. వయసు పెరిగి కండరం బిగుసుకుని దానంతటదే తగ్గి ఉండవచ్చు. మూడోది అంతగా ఎవరూ పట్టించుకోనిది: ఆవుపాల కేసిన్ పొట్టలో గడ్డకడుతుంది, తుంచిన ప్రొటీన్ అలా గడ్డకట్టదు, పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది. కాబట్టి అలర్జీ లేని బిడ్డకు కూడా ఈ పాలతో కక్కడం తగ్గవచ్చు.

వీటిని విడదీసే పరీక్ష ఒకటే. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత, డాక్టర్‌తో మాట్లాడి, పాత పాలను రోజుకు కొంచెం పెంచుతూ మళ్లీ పట్టాలి. లక్షణాలు తిరిగి వస్తే అలర్జీ నిజమే, వెంటనే ఆపి కొత్త పాలకు వెళ్లిపోవచ్చు. రాకపోతే ఆ ఖరీదైన డబ్బా అవసరమే లేదు. దద్దుర్లు, వాపు, పిల్లికూతలు ఒక్కసారైనా వచ్చిన బిడ్డకూ, ఆగని వాంతులతో వాలిపోయిన బిడ్డకూ ఇది ఇంట్లో చేయకూడదు, ఆసుపత్రిలోనే.

చాలా కుటుంబాలు ఈ మెట్టు ఎక్కవు. కారణం అర్థం చేసుకోదగిందే: ఎన్నో రాత్రుల తర్వాత ఇల్లు సద్దుమణిగింది, మళ్లీ ఎవరు కదిలిస్తారు? కానీ ఆ కదలిక లేకపోతే ‘పాలు పడని బిడ్డ’ అన్న ముద్ర బడికి వెళ్లేదాకా వెంట వస్తుంది. నిర్ధారణ అయిన పిల్లలకు కూడా ఈ పథ్యం శాశ్వతం కాదు. నెమ్మదిగా వచ్చే రకం అలర్జీ మూడేళ్ల వయసుకల్లా ఎక్కువమందిలో పోతుంది. అందుకే కనీసం ఆరు నెలలు పాలు మాన్పించాక, తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసు మధ్య డాక్టర్ సలహాతో మళ్లీ ప్రయత్నిస్తారు. బాగా కాలిన బిస్కెట్‌లో ఉండే కొద్దిపాటి పాలతో మొదలుపెట్టి, తక్కువ ఉడికిన పదార్థాల మీదుగా, చివరికి గ్లాసు పాల దాకా వెళ్లే పద్ధతి అది. వేడికి కొన్ని ప్రొటీన్ల ఆకారం చెదిరిపోవడం వల్ల కాల్చిన పాలు ముందు పడతాయి. ఒక మెట్టు మీద లక్షణాలు కనిపిస్తే కింది మెట్టుకు దిగి, కొన్ని నెలలు ఆగి, మళ్లీ మొదలుపెడతారు.